యజమాని లేని నౌక

2017వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన హవాయి ద్వీపములలోని పాన్-స్టార్స్ దూరదర్శని యంత్రము ఒక వింతవస్తువును కనిపెట్టినది. అది మన సూర్యకుటుంబమునకు చెందినది కాదు. నక్షత్రాంతరమునుండి వచ్చి, సూర్యుని చుట్టి, మరల అనంతములోనికి పోవుచుండెను. దానికి హవాయి భాషలో ‘ఔమువామువా’ యని పేరిడిరి. తోకచుక్కకుండు తోక దానికి కానరాలేదు. అయినను సూర్యాకర్షణముచే మాత్రమే వివరింపరాని స్వల్ప త్వరణము దానియందు గోచరించెను. హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఏవీ లోబ్ అది వేరొక నాగరకత విడిచిన యంత్రఖండము కావచ్చునని ఊహించెను. ఖగోళశాస్త్రజ్ఞులలో అత్యధికులు అది ప్రకృతిసిద్ధమైనదే యని తలచుచున్నారు. వారి మాటయే నిజము కావచ్చును. అయినను ఒక ప్రశ్న మిగిలినది: నిజముగనే అట్టి పాడువడిన నౌక మనకు దొరకినచో మానవజాతి యేమి చేయును?

దొరకిన వస్తువును గూర్చి ప్రభుత్వములు చాలకాలము క్రిందటనే నిబంధనలు వ్రాసికొనినవి. మన దేశమున 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దాగిన పది రూపాయలకు మించిన నిధి దొరకినవాడు కలెక్టరుకు లిఖితపూర్వకముగా తెలుపవలెను. అంతరిక్షమునకును ఒడంబడికలు గలవు. 1967 నాటి ఒప్పందము ప్రకారము ఒక దేశము ప్రయోగించిన వస్తువు ఎచట నున్నను ఆ దేశపు సొత్తే. 1968 నాటి ఒప్పందము దానిని తిరిగి అప్పగింపుమని చెప్పుచున్నది. కాని ప్రయోగించినవారే ఈ భూమిపై లేనపుడు ఎవరికి అప్పగింపవలెను? ఆ ప్రశ్నకు ఈ పత్రములలో ప్రత్యుత్తరము లేదు. దస్త్రము ఏ శాఖకు పంపవలెనో తెలియక గుమాస్తా కలము పట్టుకొని కూర్చుండవలసినదే. పరిశోధన ఫలితములను లోకమునకు తెలుపవలెనని 1967 నాటి ఒప్పందమున కలదు గాని, ‘సాధ్యమైనంతవరకు’ అను మాట దానికి తోడైనది. ఆ మాటకు గల వెసులుబాటు ఎంతటిదో కార్యాలయములలో పనిచేయు మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

చట్టము మౌనము వహించినచోట చరిత్రను అడుగవలెను. పరలోకపు నౌక ఇంతవరకు దొరకలేదు గాని, తమకు తెలియని వారి నిర్మాణములు మానవులకు పలుమారులు దొరకినవి.

కృష్ణాతీరమున అమరావతి స్తూపము అట్టిదే. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచట పట్టణము నిర్మించుచుండగా ఆ దిబ్బనుండి రాళ్లను తీసి కట్టడములకు వాడిరి. కొన్ని పాలరాతి ఫలకములు సున్నపుబట్టీ పాలైనవి. అది ఏ మహాచైత్యమో అప్పటివారికి తెలియదు. వారికి రాయి కావలసియుండెను, రాయి దొరకెను. 1797లో కర్నల్ మెకంజీ దానిని చూచెను. 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించునప్పటికే చాలభాగము నశించినది. ఆ చిత్రములలోని శిలలు కొన్ని నేడు ఎచటను లేవు. కాగితము మాత్రమే మిగిలినది. 1845లో ఇలియట్ త్రవ్వించిన ఫలకములు మదరాసు చేరి, అనంతరము లండనుకు తరలిపోయినవి.

హరప్పా కథ ఇంకను విచిత్రము. లాహోరు–ముల్తాను రైలుమార్గమునకు ఆ ప్రాచీన నగరపు ఇటుకలను బండ్లకొలది తోలిరి. అచట దొరకిన ముద్ర నొకదానిని కనింగ్‌హామ్ 1875లో ప్రకటించుచు, అందలి ఎద్దునకు మూపురము లేకుండుటను, లిపి అపరిచితమగుటను చూచి, అది ఈ దేశపుది కాదని నిశ్చయించెను. 1924లో జాన్ మార్షల్ సింధు నాగరకతను లోకమునకు ప్రకటించిన పిమ్మటగాని అది మన నేలదేనని తేలలేదు. ఆ లిపి నేటికిని చదువబడలేదు.

ఆంటికితెరా యను గ్రీకు ద్వీపమువద్ద 1901లో మునిగిన ప్రాచీన నౌకనుండి తుప్పుపట్టిన కంచుముద్ద యొకటి బయటపడినది. మరుసటి సంవత్సరము అందులో పండ్లచక్రము కానవచ్చెను. అది సూర్యచంద్రుల గతులను, గ్రహణములను గణించు యంత్రమని తేలుటకు దశాబ్దములు పట్టినది. 2005లో ఎక్స్‌రే పరీక్షవలన దాని లోపలి అక్షరములు బయటపడినవి. ఏథెన్సు ప్రదర్శనశాలవారు ఆ ముద్దను పనికిరానిదని పారవేసినచో ఈ జ్ఞానము మనకు లభించెడిది కాదు.

ఈ మూడింటివలన ఒకటి స్పష్టమగుచున్నది. దొరకిన వస్తువును అక్కరకొలది వాడుకొనుట, తెలిసిన కొలతతో తొందరపడి తీర్పు చెప్పుట మన సహజగుణములు. రేపు నౌక దొరకినను భయమునకు ముందు లోభము, లోభమునకు తోడు రహస్యము పుట్టును. దాని లోహము ఆయుధమునకు పనికివచ్చునా యను విచారణ, దానిని నిర్మించినవారెవరను విచారణకంటె ముందు మొదలగును. 1989లో శాస్త్రజ్ఞులు పరలోకసంకేతము లభించినచో దానిని ధ్రువపరచవలెననియు, లోకమునకు తెలుపవలెననియు, సంప్రదింపక జవాబీయరాదనియు నియమములు కూర్చుకొనిరి. అవి చట్టము కావు; అవియును ముఖ్యముగ సంకేతమును గూర్చినవే గాని ప్రత్యేకముగ నౌకను గూర్చినవి కావు.

కావున వస్తువు దొరకకముందే ప్రపంచరాజ్యములు కొన్ని మాటలకు కట్టుబడుట మేలు. తాకుటకు ముందు చిత్రింపవలెను. విప్పుటకు ముందు కొలువవలెను. తునకనైనను సంఖ్య వేసి భద్రపరుపవలెను. తెలిసినదానిని ఏ యొక్క దేశమును దాచుకొనరాదు. వ్యయము అధికమే, అయినను అమరావతి బట్టీలో కాలిన ఫలకమును ఏ ధనముతోను తిరిగి కొనజాలము. నేడు మనము చదువలేనిదానిని చదువగలవారు రేపు పుట్టవచ్చును. వారికొరకు దానిని చెడకుండ నుంచుట మాత్రము మన చేతిలోనిదే.