రాత్రివేళ రేడియో



2009వ సంవత్సరము అక్టోబరు మాసారంభమున తుంగభద్ర పొంగి కర్నూలును ముంచిన సంగతి మీ రెరుగుదురు. ఈవలి గట్టున నున్న మా ఆలంపూరు సైతము మునిగెను. విద్యుత్తు లేదు. ఒక మేడమీద ఇరుగుపొరుగు వారితో గూర్చుండి, బ్యాటరీలతో నడచు చిన్న రేడియోను చెవి కానించి, ఎగువనుండి ఇంకను నీరు వచ్చునా యని వినగోరితిని. తెలుగు మాట వినబడుచునే అణగిపోవును. దానిపై నేదో తెలియని భాషలో పాట యెక్కును. నడుమ ఈల వంటి ధ్వని. నీటి లెక్క చెప్పుచున్న వాక్యము సగములోనే పోయెను. తెల్లవారిన పిమ్మట అదే రేడియో చక్కగా పలికినది. పగలు లేని పీడ రాత్రి కేల కలిగెనో యని నాటినుండి విచారించితిని.

శబ్దము ఆకాశగుణమని తర్కము చదువునప్పుడు మా గురువుగారు చెప్పిరి. రేడియో తరంగము శబ్దము కాదు, వెలుతురు జాతిది; మాటను మోయు వాహనము మాత్రమే. అయినను ఆకాశముతో దీనికి గల సంబంధము వినదగినది. 1901లో మార్కోనీ తన సంకేతమును అట్లాంటిక్ సముద్రము దాటించెను. భూమి గుండ్రనిది గదా, తిన్నగా పోవలసిన తరంగ మెట్లు వంగె నని పండితులు విస్తుపోయిరి. మరుసటి యేట అమెరికాలో కెన్నెలీయు, ఇంగ్లండులో హెవిసైడును, ఒకరి యూహ నొక రెరుగకయే, విద్యుత్కణములతో గూడిన పొర యొకటి మీద నుండి తరంగములను మరలించుచున్న దనిరి. 1924 డిసెంబరులో ఆపిల్టను, బార్నెట్టు అనువారు దీనిని ఋజువు చేసిరి. బోర్న్‌మత్ నగరపు బీ.బీ.సీ. కేంద్రము కార్యక్రమములు ముగించిన పిదప, దాని తరంగదైర్ఘ్యమును మెల్లగా మార్పించుచు, ఆక్స్‌ఫర్డులో గ్రహించి చూచిరి. నేలవెంట వచ్చినదియు, మీదినుండి దిగినదియు కలిసి, బలము పెరుగుచు తరుగుచు నుండెను. ఆపిల్టనుకు 1947లో నోబెల్ బహుమానము లభించినది.

పగటివేళ సూర్యరశ్మిచే సుమారు 60 మొదలు 90 కిలోమీటర్ల యెత్తున మరియొక పొర యేర్పడి మధ్యతరంగములను మ్రింగును. ప్రొద్దు గ్రుంకగానే యది కరగును. అంతట దూరదేశపు కేంద్రములు పై పొరను దాకి మన యింట దిగును.

1935 ఫిబ్రవరి 3వ తేదీన హైదరాబాదులో దక్కను రేడియో 200 వాట్ల బలముతో ఆరంభమైననాడు ఈ రద్దీ తక్కువ. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసెను. తరువాత ఎల్లెడల కేంద్రములు పెరిగినవి. 1975లో రాజ్యములు జెనీవాలో కూడి 9 కిలోహెర్ట్జుల యెడముతో స్థానములు పంచుకొనిరి. 531 మొదలు 1602 వరకు లెక్కించిన అవి 120 మాత్రమే! పెక్కు ఖండముల కేంద్రములు అందులోనే యిమడవలెను. పగలు ఒకే స్థానము వారు ఒకరి నొక రెరుగరు. రాత్రి ఒకరి గొంతుపై నొకరు పడుదురు. ప్రక్క స్థానముతో గల భేదమే ఈలయై వినబడును. అమెరికాలో పెక్కు కేంద్రములు అస్తమయమున బలము తగ్గించుటయో, మూసివేయుటయో నియమము.

మా యూరి కష్టము వేరొకటియు గలదు. హైదరాబాదు తిన్నని దారిన సుమారు 170 కిలోమీటర్లు. కడపయు దాదాపు అంతే. ఇంత దూరమున నేలవెంట వచ్చు తరంగము నీరసించును, రాత్రి పైనుండి దిగునది బలపడును. రెండును సమానమైనచో ఒకప్పుడు కలిసి హెచ్చును, ఒకప్పుడు ఎదురుపడి చచ్చును. పరుల గోల లేకున్నను కేంద్రము తనకు తానే శత్రువు! ఎఫ్.ఎం. తరంగము పొరలను చీల్చుకొని పోవును గనుక దాని కీ బాధ లేదు. కాని దాని పరిధి చిన్నది.

రేడియో పెట్టెలో తీగ చుట్టిన నల్లని కడ్డీ యుండును. అదియే దాని చెవి. పెట్టెను మెల్లగా త్రిప్పుడు. కడ్డీ కొన యేవైపు చూచునో, ఆ దిక్కు కేంద్రము సన్నగిల్లును. రాత్రి తరంగములయెడ ఇది పూర్తిగా పనిచేయదు గాని కొంత మేలు. వరదనాటి రాత్రి నా కీ సంగతి తెలియదు. వినబడుచున్న కాస్త మాటయు చెదరునేమో యని, పెట్టెను కదల్చనైన లేదు.