ఆల్ఫా ఫై ఆల్ఫా సోదరసంఘ చరిత్రము

అమెరికా సంయుక్తరాష్ట్రముల కళాశాలలయందు గ్రీకు అక్షరములే పేరుగా గల విద్యార్థి సోదరసంఘములు పెక్కు గలవు. వీనికెల్ల మూలపురుషుని వంటిది 1776వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీని వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో వెలసిన ఫై బీటా కప్పా. తత్త్వజ్ఞానమే జీవితమునకు కర్ణధారి యను నర్థమిచ్చు గ్రీకు వాక్యములోని మొదటి యక్షరములే దాని పేరు. కాలక్రమమున నది రహస్యమును విడిచి పండిత గౌరవసంఘమైనది. ప్రమాణములు, సంకేతములు మున్నగు నాచారములు మాత్రము 1825 మొదలు న్యూయార్కు రాష్ట్రమందలి యూనియన్ కళాశాలలో బయలుదేరిన సంఘములకు సంక్రమించినవి. అవి వ్యాపించి సొంత గృహములు గట్టుకొనిన పిదప, సోదరత్వ మనగా వసతి, భోజనము, స్నేహము, పట్టము పొందిన తరువాత నుద్యోగమునకు సాయము నని యర్థమయ్యెను. ఆ గృహములలో నల్లజాతి విద్యార్థికి సభ్యత్వము లేకుండెను. వడ్డన పనికి మాత్రము ప్రవేశ ముండెను.

న్యూయార్కు రాష్ట్రములోని ఇథాకా నగరమందు కార్నెల్ విశ్వవిద్యాలయమున్నది. 1904-05లో నచ్చట జదివిన నల్లజాతి విద్యార్థులార్గురు మరుసటి యేడు తిరిగి రాలేదని సంఘచరిత్ర చెప్పుచున్నది. మిగిలినవారు, క్రొత్తగా వచ్చినవారు 1905-06లో నొక పఠనగోష్ఠి నేర్పరచుకొనిరి. కలసి చదువుట, ఒకరి నొకరు నిలువబెట్టుకొనుట యను నీ రెండే దాని పనులు. ఈ గోష్ఠి సాహిత్యసమాజముగానే యుండవలెనా, సోదరసంఘము గావలెనా యను వివాదము పుట్టెను. గోష్ఠికి నాయకుడైన పాయిండెక్స్టరు రెండవ పక్షమున కంగీకరింపలేదు. తమ్ము వెలివేసినవారి యాచారములనే తాము చేపట్టుట తగునా యన్న శంక కొట్టివేయదగినది కాదు. కాని సాహిత్యగోష్ఠి వారమున కొక సాయంకాలము, ఒంటరితనమో ప్రతిదినము. తుదకు 1906 డిసెంబరు 4వ తేదీని ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపితమయ్యెను. కాలిస్, చాప్మన్, జోన్సు, కెల్లీ, మర్రే, ఓగిల్, టాండీ యను నేడ్గురు స్థాపకులు. వీరిలో టాండీ న్యూయార్కు రాష్ట్రమున వాస్తుశిల్పిగా నమోదైన మొదటి నల్లజాతీయుడు. యూజీన్ జోన్సు నేషనల్ అర్బన్ లీగును బహుకాలము నడపెను. మరుసటి యేడే వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయమున రెండవ శాఖ నెలకొనెను.

ఇట్టి సంఘములు తమ పట్టికలలో మహాపురుషుల పేర్లు చేర్చి గర్వించుట వాడుక. డుబాయిస్ ఇందలి సభ్యుడే. కాని చేరునాటికే యాతడు ప్రసిద్ధ గ్రంథకర్త. మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టనులో జదువుచు చేరెను. వీరి మహిమను సంఘమున కంటగట్టుట న్యాయము కాదు. సంఘపు విలువ నెరుగుటకు వేరొక కథ తగినది.

మేరీలాండు విశ్వవిద్యాలయపు న్యాయకళాశాల డొనాల్డు మర్రే యను పట్టభద్రుని జాతికారణమున చేర్చుకొననందున, ఆ యన్యాయముపై వ్యాజ్యమునకు ఆల్ఫా ఫై ఆల్ఫా పూనుకొనెను. వాదించినవారు చార్లెస్ హ్యూస్టన్, తర్గుడ్ మార్షల్. ఇర్వురును ఈ సంఘసభ్యులే. బాల్టిమోరువాడైన మార్షల్ తన యూరి న్యాయకళాశాల నల్లవారిని చేర్చుకొననందున వాషింగ్టనుకు బోయి హోవర్డులో న్యాయశాస్త్రము జదివినవాడు. 1935 జూనులో న్యాయస్థానము మర్రేను చేర్చుకొనుమని యుత్తరువిచ్చెను. 1936 జనవరిలో పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను. నల్లవారికి వేరు న్యాయకళాశాల రాష్ట్రమున లేదు గనుక నున్నదానిలోనే చేర్పవలెనని తీర్పు. వేరుచేయుటయే యన్యాయమని యది చెప్పలేదు. ఆ మాటను 1954లో దేశపు సర్వోన్నత న్యాయస్థానముచేత బలికించిన వాదములోను మార్షలే ముందుండెను. 1967లో నా న్యాయస్థానమునకే యాతడు మొదటి నల్లజాతి న్యాయమూర్తి యయ్యెను. మర్రే 1938లో మేరీలాండులోనే పట్టము పుచ్చుకొనెను.

వెలివేయబడినవారు గట్టుకొనిన యీ సంఘమే తరువాత తన సభ్యత్వమునకు జాతినియమమును దొలగించినది. అదియే 1984లో కింగ్ స్మారకచిహ్నమును వాషింగ్టనులో నిలుపవలెనని ప్రతిపాదించెను. కాంగ్రెసు 1996లో ననుమతించెను. 2011 అక్టోబరులో స్మారక మావిష్కృత మయ్యెను.