వేగ హెచ్చరిక యాప్‌లు: డ్రైవర్‌కు తోడా, ధ్యాసకు చేటా?

వాహనం వేగ పరిమితి దాటగానే మోగే స్మార్ట్‌ఫోన్ యాప్‌ల వాడకం దేశంలో సాధారణమైంది. గూగుల్ మ్యాప్స్, మ్యాప్‌మైఇండియా సంస్థకు చెందిన మ్యాపల్స్ వంటి దారి చూపే యాప్‌లలోనే వేగాన్ని తెలిపే సదుపాయం కలిసి వస్తోంది. అయితే వేగాన్ని అదుపు చేయాల్సిన ఫోనే డ్రైవర్ చూపును రోడ్డు మీద నుంచి మళ్లిస్తే ఫలితమేమిటన్నది ప్రశ్న. ఇప్పటివరకు ఉన్న అనుభవాన్ని బట్టి చూస్తే, చెవికి వినిపించే హెచ్చరిక వల్ల మేలుంది, కంటిని పిలిచే తెర వల్ల ముప్పుంది. ఆ మేలైనా యాప్‌లోని వేగ పరిమితుల సమాచారం సరైనదైనప్పుడే.

సమస్య తీవ్రత ఎంత?

కేంద్ర రహదారి రవాణా, హైవేల శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. ఈ మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం కింద నమోదయ్యాయి. ఫోన్ వాడకం కింద నమోదైనవి సుమారు 2 శాతమే. అతివేగంతో పోలిస్తే ఇది చిన్న సంఖ్యే అయినా, ప్రమాదానికి ముందు డ్రైవర్ ఫోన్ చూశాడా లేదా అన్నది నిర్ధారించడం కష్టం కాబట్టి వాస్తవం ఇంతకంటే ఎక్కువే ఉండే అవకాశం ఉంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని, వాహనం నడుపుతూ ఫోన్ వాడేవారికి ప్రమాద అవకాశం సుమారు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేగ హెచ్చరిక యాప్ ఈ రెండు ముప్పుల కూడలిలో నిలిచింది.

యాప్ ఎలా పనిచేస్తుంది?

ఫోన్ జీపీఎస్ సంకేతాల ఆధారంగా వాహనం ఉన్న చోటును, వేగాన్ని లెక్కిస్తుంది. ఆ రోడ్డుకు మ్యాప్‌లో నమోదైన పరిమితితో పోల్చి, దాటితే అంకె రంగు మారుస్తుంది లేదా శబ్దం చేస్తుంది. నిలకడగా సాగే వేగాన్ని జీపీఎస్ బాగానే పట్టుకుంటుంది. వేగం ఒక్కసారిగా మారినప్పుడు మాత్రం కాస్త వెనకబడుతుంది. సొరంగాల్లో సంకేతం అందదు. ఫ్లైఓవర్ మీద ఉన్నామా, కింద ఉన్నామా, ప్రధాన రహదారిలోనా, సర్వీసు రోడ్డులోనా అన్నదాన్ని కొన్నిసార్లు తప్పుగా గుర్తిస్తుంది.

కారు స్పీడోమీటర్ కంటే ఫోన్ తక్కువ వేగం చూపడం చాలామంది గమనించే ఉంటారు. ఇది లోపం కాదు. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, కొంత ఎక్కువ చూపవచ్చు. ఈ తేడాను చూసి, ఇంకాస్త వేగంగా వెళ్లవచ్చని అనుకోవడం యాప్ ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది.

మేలుకు ఆధారాలు

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2009, 2010లో ఇల్లవారా ప్రాంతంలో వందకు పైగా వాహనాల్లో వేగ హెచ్చరిక పరికరాలను పరీక్షించింది. 89 శాతం వాహనాల్లో పరిమితి దాటి నడపడం తగ్గింది. పరికరం తీసేశాక మాత్రం చాలామంది పాత అలవాటుకే మళ్లారు. యూరోపియన్ యూనియన్ 2024 జులై నుంచి కొత్త కార్లన్నింటిలో ఇటువంటి వ్యవస్థను తప్పనిసరి చేసింది.

అయితే ఇవన్నీ వాహనంలో బిగించిన పరికరాలు. వాటికి వాట్సాప్ సందేశాలు రావు, ఫోన్ కాల్స్ రావు. ఫోన్‌లోని యాప్‌కు అదే మేలును యథాతథంగా ఆపాదించలేం. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం తర్వాత స్పీడ్ అడ్వైజర్ అనే ఉచిత యాప్‌ను విడుదల చేసింది. కానీ అక్కడ లెర్నర్లు, తొలి దశ లైసెన్సు ఉన్నవారు నడిపేటప్పుడు ఫోన్ వాడరాదు. దాంతో హెచ్చరిక ఎక్కువగా అవసరమైన కొత్త డ్రైవర్లకే ఆ యాప్ అందకుండా పోయింది.

రెండు సెకన్ల లెక్క

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగుతుంది. రెండు సెకన్లు తెర చూస్తే 55 మీటర్లకు పైగా దూరం చూపు లేకుండానే గడిచిపోతుంది. అమెరికా జాతీయ హైవే భద్రతా సంస్థ 2013 మార్గదర్శకాల్లో, వాహనంలోని తెరలపై ఒక్కో చూపు రెండు సెకన్లు మించరాదని సూచించింది. వాక్యం పొడవుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. నాలుగు సెకన్లు పట్టే హెచ్చరిక పూర్తయ్యేసరికి వాహనం 110 మీటర్లు ముందుకు వెళ్తుంది. ఒక్క బీప్, లేదా 'వేగం తగ్గించండి' అన్న రెండు మాటలు చాలు.

తప్పు హెచ్చరికలు మరో చిక్కు. కారణం లేకుండా పదేపదే మోగే శబ్దాన్ని డ్రైవర్ కొద్ది రోజుల్లోనే పట్టించుకోవడం మానేస్తాడు, లేదా ఆపేస్తాడు.

పరిమితి ఎంతో యాప్‌కు తెలుసా?

మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద గరిష్ఠ వేగాన్ని కేంద్రం నిర్ణయిస్తుంది. ప్రజా భద్రత కోసం రాష్ట్రాలు దాన్ని తగ్గించవచ్చు. పరిమితి వాహనం రకాన్ని బట్టి, రుతువును బట్టి, ఒకే రోడ్డులో వరుసను బట్టి కూడా మారుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై 2023లో కుడివైపు రెండు వరుసలకు 120, ఎడమవైపు రెండు వరుసలకు 80 కిలోమీటర్లుగా నిర్ణయించారు. వాహనం ఏ వరుసలో ఉందో మామూలు ఫోన్ జీపీఎస్ కచ్చితంగా చెప్పలేదు. యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై కార్లకు ఉన్న 100 పరిమితిని ఇటీవలి శీతకాలాల్లో పొగమంచు కారణంగా 75కు తగ్గిస్తున్నారు.

ట్రాఫిక్ అధికారులు ఇచ్చే వేగ పరిమితుల సమాచారాన్ని బెంగళూరుతో మొదలుపెట్టి చూపుతామని గూగుల్ 2022 జులైలో ప్రకటించింది. ఇటువంటి సమాచారాన్ని అధికారులు ఎప్పటికప్పుడు అందించని చోట యాప్ చూపే అంకెను నమ్మలేం. రోడ్డు పక్కన బోర్డుపై ఉన్నదే చెల్లుతుంది.

చట్టం ఏమంటోంది?

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందకు వస్తుంది. తొలి నేరానికి జరిమానా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు, జైలు శిక్షకూ అవకాశం ఉంది. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రతకు భంగం కలగని రీతిలో ఇటువంటి సాధనాలను అనుమతిస్తోంది.

కెమెరా ఎక్కడుందో చెప్పే యాప్‌ల సంగతి వేరు. జర్మనీలో డ్రైవర్లు వాటిని వాడటం నిషిద్ధం. ఫ్రాన్స్‌లో కచ్చితమైన చోటు చెప్పరాదు, 'ప్రమాద ప్రాంతం' అని మాత్రమే సూచించవచ్చు. మన దేశంలో 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నిబంధన ప్రకారం కెమెరా నిఘా ఉన్న రహదారికి ముందు ప్రభుత్వమే హెచ్చరిక బోర్డు పెట్టాలి. కెమెరా దగ్గర నెమ్మదించి, దాటగానే వేగం పెంచేవారికి ఏ యాప్ వల్లా భద్రత చేకూరదు.

ద్విచక్ర వాహనదారుల మాటేమిటి?

2019 జులై 1 తర్వాత తయారైన కార్లలో 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి. ద్విచక్ర వాహనాలకు ఆ ఏర్పాటు లేదు. 2022 మరణాల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులవే. హెల్మెట్, గాలి హోరు మధ్య ఫోన్ శబ్దం సరిగా వినిపించదు కనుక చూపు హ్యాండిల్‌పై ఉన్న తెర మీదకు వెళ్తుంది. బండిపై ఆ ఒక్క క్షణం కారులో కంటే ఖరీదైనది.

వాడేవారు గుర్తుంచుకోవాల్సినవి

* గమ్యం, హెచ్చరిక శబ్దం బయలుదేరే ముందే సరిచూసుకోవాలి. మార్చాల్సి వస్తే వాహనం పక్కకు ఆపాలి.
* ఫోన్‌ను స్టాండులో, రోడ్డు కనిపించడానికి అడ్డురాని చోట ఉంచాలి. ఒళ్లో, చేతిలో పెట్టుకోకూడదు.
* కాల్స్, సందేశాలు రాకుండా డ్రైవింగ్ మోడ్ పెట్టాలి.
* యాప్ అంకెకూ బోర్డుకూ తేడా వస్తే బోర్డునే పాటించాలి.
* ద్విచక్ర వాహనంపై తెర చూడకుండా స్పీడోమీటర్‌పైనే ఆధారపడటం మేలు.