కాఫీ హౌసు కార్మికుల కథ

బెంగుళూరులో స్థిరపడిన మనవారిలో ఇండియన్ కాఫీ హౌసు గుమ్మం తొక్కనివారు అరుదు. తలపాగాతో, వెడల్పాటి నడికట్టుతో కప్పు తెచ్చియిచ్చే సర్వరు ఆ వ్యాపారంలో వాటాదారు కూడానని యెరిగినవారు మాత్రం కొద్దిమందే.

కాఫీకి గిరాకీ పెంచడానికి కాఫీ సెస్ కమిటీ 1936లో బొంబాయిలో మొదటి హౌసు తెరిచింది. తరువాత కాఫీ బోర్డు వాటిని నడిపింది. 1950 దశకం నడిమికి ఆ బోర్డే హౌసులను మూసి, పనివారిని యింటికి పంపబూనుకొంది. వారికి పెట్టుబడి లేదు. వచ్చిన విద్యల్లా కాఫీ కాచి వడ్డించడమే. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ప్రోద్బలంతో వారే సహకార సంఘాలు కట్టుకొన్నారు. వాటిలో మొదటిది 1957 ఆగస్టు 19న మన బెంగుళూరులోనే వెలిసింది.

యజమానులైనంత మాత్రాన చిక్కులు తీరలేదు. ఒక్క కప్పు ముందు పెట్టుకొని గంటసేపు కూర్చున్నవారిని లేవగొట్టరాదు. (మన సాయంకాలపు చర్చలన్నీ అలా సాగినవే కదా!) ధర పెంచితే వారు రారు, పెంచకపోతే జీతాలు గడవవు. అన్నిటికన్న పెద్ద గండం చోటు. మహాత్మాగాంధీ రోడ్డులో స్థలం బంగారమైపోయింది. భవనం యజమానులతో వ్యాజ్యం ఓడి, 2009లో అక్కడి హౌసు మూతబడింది. సంఘం చెదరలేదు, సామాను సర్దుకొని చర్చి స్ట్రీటులో తిరిగి పొయ్యి వెలిగించింది.