తెర దాటిన వాద్యము

చలనచిత్ర సంగీతమనగానే మనకు పాట జ్ఞాపకము వచ్చును. పాటతోపాటు వరుస కట్టినవారి పేరు. వాద్యములు కూర్చినవారిని తలచుకొనుట అరుదు. కాని సన్నివేశమునకు నాటకీయతను ఇచ్చునది తరచుగా ఆ కూర్పే.

1957లో విడుదలైన 'మాయాబజార్'ను గమనింపుడు. సాలూరి రాజేశ్వరరావుగారు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకొన్నారు. వాటికి వాద్యములు కూర్చి, తక్కిన సంగీతమంతయు సమకూర్చినవారు ఘంటసాలగారు. అందులో వెన్నెల రాత్రి పడవలో సాగే పాట మోహనరాగము. ఆ రాగపు అయిదు స్వరములలో ఏ రెండును అర్ధస్వరదూరములో లేవు. కనుక కొన్నింటిని ఒక్కసారిగా మ్రోగించినను చెవికి గుచ్చుకొనవు. పాశ్చాత్య స్వరమేళము సులువుగా అమరును. అదే తోడిలో గాంధారము ఊగులాడుచుండగా దాని క్రింద కదలని స్వరమేళమును ఎట్లు నిలుపగలము? మన రాగములను పెద్ద వాద్యబృందమునకు వ్రాయువారికి ఎదురగు చిక్కు ఇదియే.

సినిమా విద్య కచేరీకి పనికిరాదనువారికి మా రేడియో చరిత్రలోనే సమాధానమున్నది. మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు, పిమ్మట ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందమునకు రచనలు చేసి, దానిని నిర్వహించినారు. ఆ బృందము 1952లో ఏర్పడినది.

చిత్రపరిశ్రమ మద్రాసు విడిచి హైదరాబాదులో జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ రాతిగుట్టల నడుమ స్థిరపడినది. ఈ పరిశ్రమ నుండి వెలువడిన 'బాహుబలి' తొలి భాగమును 2019 అక్టోబరు 19న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో ప్రదర్శించినారు, ఎం.ఎం.కీరవాణిగారి సంగీతమును వాద్యబృందము అక్కడికక్కడే వాయించినది. 2025లో 'ఆర్.ఆర్.ఆర్.' కూడ అదే వేదిక నెక్కినది. ఇట్టి ప్రదర్శనలో మాటలు, చప్పుళ్లు చిత్రమునుండి వచ్చును, సంగీతము వేదికమీదనుండి. నిర్వాహకుడు ఒక కన్ను స్వరపత్రముపై, ఒక కన్ను తెరపై ఉంచి, కత్తి దూసిన క్షణముననే తాళము పడునట్లు చూచుకొనవలెను. తెలుగెరుగని వాదకుడు సైతము వాయించగలుగుట, అతని వంతు స్వరములన్నియు కాగితముపై ఉండుటవలననే!

పాత చిత్రములలో మాటలు, వాద్యములు ఒకే శబ్దపథములో కలిసిపోయినవి. పైగా ఆనాడు గాయకులు, వాదకులు ఏకకాలమున పాడి వాయించెడివారు. ఒక్క ఫిడేలు తప్పినను పాట మరల మొదటికే. కావున 'మాయాబజార్' సంగీతమును కచేరీ రచనగా మలచదలచినవారు ముందుగా శబ్దపథమును పదేపదే వినుచు, ఫిడేళ్లు, వేణువు, వీణ వేరువేరుగా వ్రాసికొనవలెను. వాద్యము మాటల చాటున మునిగినచోట ఘంటసాలగారి ధోరణి ఎరిగిన చెవియే శరణ్యము. ఫిల్మ్‌నగర్‌లో అట్టి చెవులకు కొరత లేదని మా నమ్మకము. ఆ పడవ పాటతోనే ఆరంభింపవచ్చును.