తాతయ్య సైకిలు వయసెంత?

మా తాతయ్య సైకిలు 1942లో క్విట్ ఇండియా కరపత్రాలు మోసిందని మా ఇంట్లో గొప్ప. 1977 నవంబరు 19 ఉప్పెనకి దివిసీమ బురదలో కూరుకుపోయి, పేరుబిళ్ళ పోగొట్టుకుంది పాపం.

మొన్న మచిలీపట్నంలో బూజు దులిపి చూద్దును కదా, చైను చక్రంలో కొంగ తలలు! అంటే ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ రాలీ అన్నమాట. హంబర్ అయితే అక్కడ అయిదుగురు మనుషుల బొమ్మలుంటాయి.

వెనక స్టర్మీ ఆర్చర్ హబ్బు మీద మాత్రం 52 అంకె. హబ్బు తయారైన ఏడాదది! నా గుండె జారింది. కరపత్రాల కథ కల్లేనా?

నాయనమ్మ నవ్వేసింది.

“వెనక చక్రం నేను కాపురానికొచ్చాక గుడివాడలో మార్పించారే, పిచ్చి మొద్దూ!”

నిజమే, హబ్బు తన వయసే చెబుతుంది గానీ బండిది కాదు. ఇప్పుడు సీటు కింద నంబరు కోసం తుప్పు గీకుతున్నాను.