వీలునామా రైతు చేతికి ఎప్పుడొచ్చింది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో దస్తావేజు రైటర్లు రాసిచ్చే వీలునామా తాతల నాటి ఆచారమని చాలామంది అనుకుంటారు. ఆ మాట నిలవదు. ఇక్కడి సామాన్య రైతుకు వీలునామా నిజంగా పనికొచ్చింది 1956 తర్వాతే. అంతకుముందు మితాక్షర న్యాయం ప్రకారం ఉమ్మడి కుటుంబంలో చనిపోయినవాడి వాటా బతికున్న మగవాళ్ళకే పోయేది. స్వార్జితం లేనివాడికి రాసివ్వడానికంటూ ఏమీ మిగిలేది కాదు. హిందువుల వీలునామా ధర్మశాస్త్రానికి ఒప్పినంత మేరకే చెల్లుతుందని మద్రాసు ప్రభుత్వం 1829లోనే రెగ్యులేషన్ చేసింది. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం ఈ ప్రెసిడెన్సీలో మద్రాసు నగరం దాటి రాలేదు. అప్పట్లో కడప జిల్లాలో ఉన్న మదనపల్లెలోనూ, ఉత్తర ఆర్కాటు కింద ఉన్న పుంగనూరు, కుప్పంలలోనూ నోటిమాటగా చెప్పిన వీలునామా సైతం చెల్లేది. కాగితం, సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షులు తప్పనిసరి అయింది 1927 జనవరి 1 నుంచి.

జమీందార్లు రాయలేదా అంటే, రాశారు. పిఠాపురం సంస్థానం వ్యాజ్యంలో, విభజించరాని ఎస్టేటును వీలునామాతో ఇవ్వొచ్చని 1899లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 1904 మద్రాసు చట్టం ఆ స్వేచ్ఛకు ముకుతాడు వేసింది. పుంగనూరు జమీందారీలోనో, కుప్పం ఉన్న కంగుంది జమీందారీలోనో రెండెకరాల చెలక దున్నుకునేవాడికి ఆ తగాదాతో పనేముంది? ముస్లిం కుటుంబాల్లో వసీయత్ పాతదేనన్న మాటా నిజమే. అయితే అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాటితే వారసుల ఒప్పుదల కావాలి. వారసుల్లో ఒకరికే ఇవ్వాలన్నా మిగతావాళ్ళు సరేననాలి. ఒక్క కొడుక్కే ఆస్తంతా కట్టబెట్టడానికి అది పనికిరాదు.

1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఉమ్మడి ఆస్తిలోని తన వాటాను కూడా వీలునామాతో ఇచ్చే హక్కు తెచ్చింది. అదే చట్టం కూతురినీ వారసురాలిని చేసింది. ఒక చేత్తో ఇచ్చినదాన్ని రెండో చేత్తో వెనక్కి తీసుకునే వీలు అక్కడే పుట్టిందని నా అభిప్రాయం. తండ్రి కష్టార్జితం తండ్రి ఇష్టమంటారు. స్వార్జితానికి అది ఒప్పే. పిత్రార్జితానికి కాదు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005లో కేంద్ర సవరణ పుట్టుకతోనే వాటా ఇచ్చాయి. ఆరెకరాల పిత్రార్జితంలో తండ్రి, కొడుకు, కూతురు తలా రెండెకరాల హక్కుదారులు. సర్వే నంబర్లు, చెక్కుబందీలు ఎంత పకడ్బందీగా వేసి ఆరెకరాలూ కొడుక్కే రాయించినా, అది చెల్లేది తండ్రి రెండెకరాలకే. ఇది తెలియకే చాలా కుటుంబాలు కోర్టుకెక్కుతున్నాయి.

రిజిస్టరు చేయిస్తే ఇక తిరుగులేదన్నది మరో భ్రమ. వీలునామాకు స్టాంపు పత్రం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. చేయిస్తే మాత్రం ఒక మేలుంది: అమ్మకం దస్తావేజులు ఒకటో పుస్తకంలోకి పోతే ఇది మూడో పుస్తకంలోకి పోతుంది, రాసినవాడు బతికున్నంతవరకు కొడుకులకైనా నకలు ఇవ్వరు. కుప్పం రైతుకు క్రిష్ణగిరిలోనో కోలారులోనో భూమి ఉన్నా వీలునామా ఒక్కటే చాలు. అయినా తగాదా వస్తే, సంతకం చేసిన సాక్షుల్లో ఒకరైనా బతికుంటే కోర్టు బోనెక్కి చెప్పాల్సిందే. రాసేవాడికంటే చిన్న వయసువాళ్ళను సాక్షులుగా పెట్టుకోవడం మేలనేది అందుకే.